కాకులు ఏడ్చిన జడ

ఆ రోజుల్లో మా కోనసీమలో పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల గురించి ఎవరు ఎవరిని వాకబు చేసినా చదువు సంగతి ఆఖర్న వచ్చేది. ముందు రంగు, ఆ వెంటనే జడ. "పిల్ల ఎలా ఉంటుందండి?" అంటే "నడుం దిగిన జడండి" అనేవారు, అక్కడితో సగం సంబంధం కుదిరిపోయినట్టే. మేము శకునాలూ ముహూర్తాలూ చూసుకునేవాళ్ళం కాదు (మా తాతగారి నాన్నగారి నాటినుంచీ ఆదివారం గుడికి, అంటే చర్చికి, వెళ్ళే కుటుంబం మాది), కాని జడ విషయంలో మాత్రం ఊళ్ళో అందరిదీ ఒకటే మతం. నాకూ అలాంటి జడ ఉండేది. కూర్చుంటే పీట మీద పడేది. టీచరు ట్రైనింగు ఆఖరి ఏడాదిలో టైఫాయిడ్ వచ్చింది. మంచం దిగేక దువ్వెన పెడితే చాలు, పాయలు పాయలుగా ఊడొచ్చేసేది. చివరికి ఎలకతోకంత మిగిలింది. ఊడిన జుట్టు పారెయ్యడానికి అమ్మకి చేతులు రాలేదు. పౌడరు డబ్బాలో దాచి, అమలాపురంలో సవరాలు కట్టే ముసలావిడ ఉంటే ఆవిడకిచ్చి, నా జుట్టుతోనే నాకు సవరం కట్టించింది. "నీ జుట్టు నువ్వు పెట్టుకుంటున్నావు, ఇందులో ఎవరిదగ్గరా దాచాల్సిందేం లేదు" అంది. అంటూనే, "ఎవరితోనూ అనకు" అని కూడా అంది.

ట్రైనింగు అయ్యేక రాజోలు అవతల, మా పిన్ని వాళ్ళ ఊళ్ళో, ప్రాథమిక పాఠశాలలో నాకు టెంపరరీ టీచరు పని దొరికింది. అప్పటికి తాటిపాక వైపు గ్యాసు బావుల కోసం జీపులు కొత్తగా తిరుగుతున్నాయి, ఊళ్ళో కొంతమంది కుర్రాళ్ళు దుబాయి వెళ్ళడానికి పాస్‌పోర్టులు తీసుకుంటున్నారు. పిన్ని వాళ్ళిల్లు కాలవ ఒడ్డున కొబ్బరితోటలో ఉండేది. బాబాయి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పిల్లల్లేరు. నన్ను కూతురిలాగే చూసుకునేవారు. ఆ ఊళ్ళో నా సవరం సంగతి పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు (బాబాయికి తెలుసుగాని, తెలియనట్టుండడం ఆయనకి బాగా వచ్చు).

జూన్‌లో బడి తెరిచిన రోజునుంచీ నా పేరు 'జడ టీచరు' అయిపోయింది. మూడో తరగతి ఆడపిల్లలు నా వెనకాలే నడుస్తూ జడని చూసి గుసగుసలాడుకునేవారు. "టీచరుగారండీ, మీరు తలకి ఏం రాస్తారండీ?" అని ఒక పిల్ల అడిగితే, "కొబ్బరినూనెలో మందారాకు వేసి కాచి రాస్తానమ్మా, ఓపికుండాలి" అని చెప్పేను, ఏమాత్రం తడుముకోకుండా. మర్నాటికి ఊళ్ళో మందారచెట్లకి ఆకు లేదు. గుడిలో నేను ముందు వరసలో కూర్చునేదాన్ని. భక్తి కొద్దీ అనుకునేవారు అందరూ. వెనక కూర్చున్నవాళ్ళందరికీ జడ కనపడాలని అలా కూర్చునేదాన్నని ఇవాళ చెప్పడానిక్కూడా మొహం చెల్లడం లేదు.

సవరానికి చాకిరీ ఉంటుంది. కుంకుడు రసంతో ఉతకాలి, చిక్కు తియ్యాలి, నీడన ఆరబెట్టాలి, నూనె పెట్టాలి. ఇదంతా ఎవరి కంటా పడకుండా జరగాలి. ఆ ఏడు ముసురు పట్టి రోజుల తరబడి సవరం ఆరక, ముక్కిపోయిన వాసనొస్తూంటే భరించలేకపోయేను. ఒక శనివారం మధ్యాహ్నం బాగా ఎండ కాసింది. పెరట్లో నూతి దగ్గర కూర్చుని సవరం ఉతికేను. పక్కనే మామిడిచెట్టు, దాని పై కొమ్మలో కాకి గూడు. ఆ గూటిలో పిల్లలున్నాయని నాకేం తెలుసు? సవరం ఒక కొస పట్టుకుని, నీళ్ళు పోవడానికి గట్టిగా విదిలించేను. తడిసి, నల్లగా నిగనిగలాడుతూ, నా చేతిలోంచి వేలాడుతోంది. చెట్టు మీంచి ఒక కాకి అరిచింది. కాకి అరుపు ఎవరు పట్టించుకుంటారు, ఇంకోసారి విదిలించేను. అంతే, ఎక్కడెక్కడి కాకులూ ఆ పెరట్లోకి దిగిపోయేయి. కొబ్బరి మట్టల మీద, గోడ మీద, పశువుల పాక మీద, ఎక్కడ చూసినా కాకులే. ఒకటి వచ్చి నా నడినెత్తిన తన్నింది. ఇంకోటి చెవి దగ్గర పొడిచింది. నేను బకెట్టు తన్నుకుని, సవరం చంకలో పెట్టుకుని, వంటింట్లోకి పరిగెట్టి పడ్డాను.

"ఏమైందే, పావుఁగాని కనపడిందా?" అంది పిన్ని.

"కాకులు పిన్నీ."

"కాకులకి పరిగెట్టేవా?" అని పిన్ని తలుపు తీసి చూసి, మళ్ళీ గభాల్న వేసేసింది. "ఇన్నెక్కడివే?" అంది.

సాయంత్రం బాబాయి వచ్చి, జరిగింది విని, పెరట్లోకి వెళ్ళి చెట్టు మీదకి చూసి వచ్చేడు. కాసేపు గెడ్డం గోక్కుని, "గూట్లో పిల్లలున్నాయమ్మా. నీ చేతిలో నల్లగా వేలాడుతూంటే కాకిని చంపి తిప్పుతున్నావనుకునుంటాయి" అన్నాడు. పిన్ని నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. నేనూ నవ్వేననే గుర్తు. అదే ఆఖరు, ఆ తరవాత చాన్నాళ్ళు నాకు నవ్వే అవకాశం రాలేదు.

మర్నాడు ఆదివారం. బండారులంక నేత చీర కట్టుకుని, జడ వేసుకుని, పాటల పుస్తకం పట్టుకుని పిన్నితో గుడికి బయల్దేరేను. వాకిలి దాటేనో లేదో ఒక కాకి వెనకనుంచి వచ్చి తలమీద తన్నిపోయింది. అలా గుడి దాకా ప్రతి చెట్టు దగ్గరా ఒకటి లేచి, తన్ని, అరుచుకుంటూ ముందు చెట్టుకి కబురందించినట్టు వెళ్ళేది. పిన్ని పక్కనే నడుస్తోంది, ఆవిడ జోలికి ఒక్కటీ రాలేదు. గుడి మెట్ల మీద నిలబడ్డవాళ్ళందరూ మా వైపే చూస్తున్నారు. లోపల కూర్చున్నాక కూడా ఒకటి కిటికీ ఊచల మధ్యనుంచి తల దూర్చి, ఇంతమందిలో నన్నే పట్టుకుని చూస్తూ, పాట అయ్యేదాకా అరిచింది. ఆ రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను.

సోమవారం నుంచి గొడుగు. వానాకాలం కాబట్టి సరిపోయింది అనుకున్నాను. కాని గొడుగు కిందనుంచి కూడా మొహం ఎలా చూసేవో, పక్కగా వచ్చి జడ లాగేవి. కాలవగట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్ళి చూసేను, అక్కడా వచ్చేయి. చీర కొంగు ముసుగేసుకుని చూసేను. పిన్నికి ఒక ఆలోచన వచ్చి, ఒకరోజు నా చీర తను కట్టుకుని నా గొడుగు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. కాకులు చూసి ఊరుకున్నాయి. తన చీర నాకు కట్టి పంపింది. వీధి చివరికి చేరకుండానే తన్నించుకుని తిరిగొచ్చేను. "మొహం గుర్తుపెట్టుకున్నాయమ్మా. మనుషులు మర్చిపోతారేమోగాని ఇవి మర్చిపోయేలా లేవు" అన్నాడు బాబాయి. "పశువైతే ఏదో మందిద్దును. వీటికి నేనేం ఇవ్వను?"

అయినా ఊరుకోక ఆయన ఒక ప్రయత్నం చేసేడు. కాకుల్ని మంచి చేసుకోవాలని, రోజూ పొద్దున్నే నాచేత అన్నం ముద్దలూ ఎండు నెత్తళ్ళ చేపలూ గోడ మీద పెట్టించేడు. అవి వచ్చేవి, శుభ్రంగా తినేవి, ముక్కులు గోడకి రాసి తుడుచుకునేవి, నేను బడికి బయల్దేరగానే లేచొచ్చి తన్నేవి. ఆఖరి నెత్తళ్ళు కూడా అయిపోయేక పిన్ని, "ఈ డబ్బుతో మనం పులుసు పెట్టుకునేవాళ్ళం" అని ఆ వైద్యం మానిపించింది.

ఊళ్ళో నా పేరు మారిపోయింది. 'జడ టీచరు' పోయి 'కాకి టీచరు' అయ్యేను. పక్కింటి మామ్మగారు కాకి తలమీద తన్నితే అరిష్టమని, తలస్నానం చెయ్యమని రోజూ చెప్పేది. (రోజూ తలస్నానమంటే రోజూ సవరం ఉతకాలి, అది ఎక్కడ ఆరబెట్టాలి?) ఇంకొకరు నేను కాకి పిల్లల్ని గూట్లోంచి దించి చంపేనన్నారు. మరొకరు ట్రైనింగు రోజుల్లో ఎవరికో అన్యాయం చేసి ఉంటానన్నారు. అసలు కారణం చెప్పేస్తే ఇవన్నీ ఒక్క పూటలో పోతాయి. కాని అసలు కారణం చెప్పాలంటే నూతి దగ్గర నా చేతిలో వేలాడింది ఏమిటో చెప్పాలి. అందుకని హంతకురాలిగా ఉండడానికే సిద్ధపడ్డాను.

చివరికి పిన్ని, మనం ఇవన్నీ నమ్మం అంటూనే, గుడి అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, ప్రార్థన చెయ్యడానికి పిలిచింది. ఆయన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, నావైపు చూసి, "చూడమ్మా, ఊళ్ళో ఇంతమంది ఉన్నారు. ఎవరి మీదకీ వెళ్ళకుండా ఆ పక్షులు నీ మీదకే వస్తున్నాయంటే ఏదో ఉండే ఉంటుంది. మనసులో ఏదన్నా దాచుకుంటే చెప్పేసుకో, తేలికపడతావు" అన్నారు.

నేను తల వంచుకుని ఉన్నాను. ఆయన దేన్ని అడుగుతున్నారో అది నా వీపు మీద బరువుగా వేలాడుతోంది. "ఏం లేదండి అయ్యగారూ" అన్నాను. ఆయన నా తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తున్నంతసేపూ నాకున్న భయం ఒక్కటే, ఆ చెయ్యి జరిగి సవరం ముడి దగ్గరకి వస్తుందేమోనని.

ఆ ప్రార్థన వల్ల కాకులు ఆగలేదుగాని, అయ్యగారికి నా మీద జాలి కలిగి ఒక సంబంధం తెచ్చేరు. రాజోలులో తాలూకా ఆఫీసు గుమాస్తా. మంచి కుటుంబం, తండ్రి లేడు, తల్లి, ఈ అబ్బాయి. కాకుల సంగతి వాళ్ళకి చెప్పలేదు. జడ సంగతి చెప్పేరు. "తల్లిగారికి అదొక్కటే ముచ్చటండి, కోడలికి మంచి జడ ఉండాలని" అని అయ్యగారు అంటూంటే పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇంటి లోపలే కూర్చోబెట్టి, లోపలే మాట్లాడి, లోపలినుంచే పంపించేద్దామని మా పథకం.

వాళ్ళు శనివారం మధ్యాహ్నం వచ్చేరు. పిన్ని నాకు జడ వేసి, దానినిండా మల్లెపూలూ కనకాంబరాలూ చుట్టి, చివర కుచ్చులు కట్టింది. కంగారులో ముడి ఎప్పట్లా బిగించలేకపోయింది, తరవాత తనే చెప్పింది. నేను కాఫీలు పట్టుకెళ్ళి ఇచ్చి, చాప మీద కూర్చున్నాను. అతన్ని ఒక్కసారే చూసేను. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని, కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నచ్చేడు. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

అంతా బాగానే ఉంది. ఇంతలో ఆకాశం మబ్బు పట్టి ఇల్లంతా చీకటైంది. కరెంటు పొద్దుటినుంచే లేదు. తల్లిగారు కళ్ళు చికిలించి, "లోపల ఏమీ అవుపడ్డం లేదండి. అమ్మాయిని ఒక్కసారి వాకిట్లోకి తీసుకొస్తే వెలుతురులో చూసుకుంటాం" అన్నారు.

"వద్దండి" అంది పిన్ని. మరీ గబుక్కున అంది.

"ఏమండీ?"

"చినుకులు పడతాయండి."

"ఇంకా పడలేదు కదండీ" అన్నారు ఆవిడ. ఈమాటు గొంతు మారింది. పిల్ల మొహానికి పౌడరు ఎక్కువ రాసేరనో, నడకలో ఏదో లోపముందనో అనుమానం వచ్చినట్టుంది. అయ్యగారు, "రామ్మా, భయం దేనికి, మనవాళ్ళే" అన్నారు. ఇంక తప్పలేదు. నేను లేచేను. బాబాయి నా పక్కనే గొడుగు వేసుకుని బయల్దేరేడు.

"గొడుగెందుకండీ?" అన్నారు తల్లిగారు.

"ఎండండి" అన్నాడు బాబాయి. ఆకాశమంతా నల్లగా మూసుకుపోయి ఉంది. ఆవిడ పైకి చూసి, ఆయన్ని చూసేరు. బాబాయి సిగ్గుపడి గొడుగు ముడిచేసేడు.

వాకిట్లో నాలుగడుగులు వేసేను. ఏమీ లేదు. ఇంకో నాలుగు వేసేను. ఇవాళ దేవుడు కనికరించేడనుకుని, తల్లిగారు చూడాలని జడ ముందుకి వేసుకోబోయేను. అప్పుడొచ్చింది. వెనకనుంచి వచ్చి కుచ్చుల్ని కాళ్ళతో పట్టుకుని పైకి లేవబోయింది. నేను కెవ్వుమని ముందుకి పరిగెట్టేను, అది వెనక్కి లాగింది, నెత్తిమీద ఏదో తేలికైపోయింది. తిరిగి చూస్తే పూలతో కుచ్చులతో సహా నా జడ వాకిట్లో బురదలో పడి ఉంది. నా వీపు మీద ఎలకతోక ఉంది. అందరూ రెండూ చూసేరు.

ఆ తరవాత జరిగింది నేను గదిలోకి పారిపోయి, తలుపు గెడ వేసుకుని, కిటికీ సందులోంచి చూసేను. కాకులన్నీ దిగేయి. కాని తన్నడానికి కాదు. బురదలో పడున్న సవరం చుట్టూ, కొంచెం దూరం పాటించి, గుండ్రంగా వాలేయి. మిగిలినవి గోడ మీద, పాక మీద. అన్నీ ఒకే గొంతుతో ఏడుస్తున్నాయి. చచ్చిపోయిన కాకి దగ్గర అలా చేస్తాయిట, ఎన్నో ఏళ్ళ తరవాత ఒక పత్రికలో చదివేను. అప్పుడు మాత్రం అందరూ అలా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. తల్లిగారు, అయ్యగారు, పిన్ని, బాబాయి, గోడ అవతలనుంచి మామ్మగారు. కాకులు ఏడుస్తూంటే మేమందరం చావింటికి వచ్చినవాళ్ళలా చూస్తూండిపోయేం.

అప్పుడు అతను అరుగు దిగేడు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ కాకుల మధ్యకి నడిచి, వంగి, సవరం తీసేడు. కాకులన్నీ ఒక్కసారి అతని మీద పడ్డాయి. ఒక చెయ్యి తలకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో సవరం బురద మెల్లిగా దులుపుతూ, పరిగెట్టకుండా నడుచుకుంటూ వచ్చేడు. అరుగు మీదకి వచ్చి అందరి మొహాలూ చూసి, చాలా మర్యాదగా, "ఇది ఎవరికివ్వాలండీ?" అని అడిగేడు.

ఎవరూ చెయ్యి చాపలేదు. అతను కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, చివరికి అరటిపళ్ళ పళ్ళెంలో, పళ్ళ పక్కన పెట్టేడు.

తల్లిగారు లేచి, "పొద్దు పోతోంది, బల్లకట్టు దాటాలి కదండీ" అన్నారు. బాబాయి గొడుగు వేసి వాళ్ళని రోడ్డు దాకా దింపడానికి వెళ్ళేడు. ఈసారి గొడుగు అతని మీద. ఎందుకంటే కాకులకి అతని మొహం కూడా తెలిసిపోయింది, ప్రతి చెట్టు దగ్గరా ఒకటి లేచి వస్తోంది. "ఏమనుకోకండి బాబూ" అని బాబాయి అంటే అతను, "అమ్మాయిగారికి రోజూ ఇంతేనాండీ?" అని అడిగేడట. "ఆయ్, రోజూనండి" అన్నాడట బాబాయి. "పాపం" అన్నాడట అతను. ఈ మాటలన్నీ బాబాయి ఇంటికొచ్చి పిన్నికి చెప్తూంటే గదిలోంచి విన్నాను. బయటికి రాలేదు.

ఆదివారం గుడికి వెళ్ళలేదు. సోమవారం బడికి వెళ్ళలేదు, జ్వరమని చెప్పించేను. ఆ సాయంత్రం అయ్యగారు వచ్చేరు. నా మీద కోపమేమో అనుకున్నాను. ఆయన వీధి గదిలో కూర్చుని, నాకు వినపడేలా పిన్నితో, "తల్లిగారు కొంచెం తటపటాయించేరండి. అబ్బాయి మాత్రం చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకుంటానన్నాడు. వాళ్ళకి ఇష్టమేనండి" అన్నారు.

నేను తలుపు చాటునుంచి, "నాకిష్టం లేదని చెప్పండి అయ్యగారూ" అన్నాను.

ఆయన వెళ్ళేక పిన్ని నా దగ్గరకి వచ్చి కూర్చుంది. "ఏమే, అతను బాలేడా?"

"బానే ఉన్నాడు."

"ఉద్యోగం బాలేదా?"

"బానే ఉంది."

"మరెందుకే?"

చెప్పలేక చెప్పలేక, "అతను దాన్ని చేత్తో పట్టుకున్నాడు పిన్నీ" అన్నాను.

పిన్ని నవ్వేసింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. నేను నిజంగానే అంటున్నానని అప్పుడు తెలిసిందావిడకి. అతని ఎదురుగా బతుకంతా కూర్చుని అన్నం వడ్డిస్తూంటే, ప్రతిసారీ అతనికి నేను కాదు, పళ్ళెంలో అరటిపళ్ళ పక్కన పడుకున్న ఆ జడ కనపడుతుందని నా భయం. ఆ వయసులో అది ప్రాణం పోయేంత పెద్ద విషయం. పిన్ని బతిమాలింది, బాబాయి తన జన్మలో మొదటిసారి కోప్పడ్డాడు, అమ్మ అమలాపురంనుంచి వచ్చి ఏడ్చింది. నేను ఊఁ అనలేదు.

ఎన్నాళ్ళని జ్వరమంటాను? పెద్దమేష్టారు కబురు పంపించేరు, పిల్లలు తరగతిని సంతలా చేస్తున్నారని. చివరికి ఒకరోజు సవరం లేకుండా, నా ఎలకతోక నేను అల్లుకుని, నేల చూపులతో బడికి వెళ్ళేను. తరగతిలో అడుగు పెట్టేను. పిల్లలు నవ్వినా ఏడవకూడదని పళ్ళు బిగించుకున్నాను. మందారాకు సంగతి అడిగిన పిల్లే లేచి నిలబడింది.

"టీచరుగారండీ, మీ జడేదండీ?"

"లేదమ్మా" అన్నాను.

"మరి మొన్నటిదండీ?"

"అది సవరం."

"ఆయ్" అంది ఆ పిల్ల, సరేనన్నట్టు. అని కూర్చుని, పలక తుడుచుకుని, లెక్క కోసం నావైపు చూసింది. మిగతావాళ్ళూ పలకలు తీసేరు. నేను ఇన్నాళ్ళూ ఏ క్షణం వస్తుందని వణికిపోయేనో అది ఆ 'ఆయ్'తో అయిపోయింది. బోర్డు వైపు తిరిగి లెక్క రాసేను. సాయంత్రం బడి వదిలేక ఆడపిల్లలు నా చుట్టూ చేరి, పలకలు తలలమీద ఎత్తి పట్టుకుని నన్ను ఇంటిదాకా దింపేరు. కాకులు పైన అరుస్తూ తిరిగేయిగాని ఆ పలకల కిందకి రాలేకపోయేయి. కొన్నాళ్ళు అలాగే నడిచేం. తరవాత గూట్లో పిల్లలు ఎగిరిపోయేయి, తల్లి కాకులకీ నా మీద పంతం సడలింది. ఎప్పుడైనా ఒకటి వచ్చి, ఉన్నావా అన్నట్టు చూసి వెళ్ళేది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, మా దొడ్డిగుమ్మానికి గిరాకీ పెరిగింది. ఒకరోజు పక్కింటి మామ్మగారి కోడలు పప్పు గ్లాసు అప్పు అడగడానికన్నట్టు వచ్చి, పప్పు పుచ్చుకుని, వెళ్ళకుండా నిలబడి, "టీచరుగారండీ, అది ఎక్కడ కట్టించేరండీ?" అంది. తరవాత కాలవ అవతల షావుకారుగారి భార్య. తరవాత అయ్యగారి భార్యే వచ్చేరు. ఆవిడ కొప్పు ఊళ్ళోకల్లా పెద్దది. పిన్ని కాఫీ కలపడానికి వెళ్ళేక ఆవిడ నాదగ్గరకి జరిగి, మెల్లిగా, "నాదీ అదేనమ్మా. అయ్యగారికి కూడా తెలియదు" అన్నారు. నేను నోరు తెరిచి ఆవిడ వంక చూసేను. ఆవిడ నావంక చూసేరు. ఇద్దరం నవ్వు మొదలెట్టి ఆపుకోలేకపోయేం. పిన్ని కాఫీ గ్లాసులతో వచ్చి ఏమిటంటే చెప్పలేదు. జూన్‌లో సవరం విదిలించిన తరవాత నేను నోరారా నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వుతో నా సిగ్గు చాలావరకు పోయింది. సంక్రాంతి సెలవుల ముందో వెనకో, అయ్యగారిచేత అతని వాళ్ళతో ఒక మాట అనిపించి చూద్దామా అని నేను పిన్ని చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, రాజోలు అబ్బాయికి కొత్తపేట వైపు సంబంధం నిశ్చయమైందని ఆయనే వచ్చి చెప్పేరు. "మంచి పిల్లటండి" అన్నారు. నేను "ఆయ్, మంచిదండి" అని, పెరట్లోకి వెళ్ళి నూతి దగ్గర చాలాసేపు ఊరికే నీళ్ళు తోడుతూ ఉండిపోయేను. బాబాయి చూసి, చూడనట్టే పాకలోకి వెళ్ళిపోయేడు.

ఆ మరుసటేడు నన్ను చూడ్డానికి ఇంకొకరు వచ్చేరు. ఈసారి వాళ్ళు కాఫీ గ్లాసు ఎత్తకముందే నేను, "నాకు జుట్టు లేదండి, ఇంతే" అని వెనక్కి తిరిగి చూపించేను. పిన్ని నుదురు కొట్టుకుంది. పెళ్ళికొడుకు కంగారు పడిపోయి, తనూ ఏదో చెప్పాలేమో అనుకున్నట్టున్నాడు, "నాకు ముందు పన్ను కట్టుడుదండి" అన్నాడు. అదే మా పెళ్ళి. బాగానే బతికేం. ఆ పన్ను కథ ఆయన బతికున్నంతకాలం అందరికీ చెప్పి నవ్వించేవారు.

ఇప్పుడు నా జుట్టు తెల్లబడి, కత్తిరించుకుని, మెడ దాకా ఉంది. హాయిగా ఉంది. సిగ్గుపడడానికి ఏమీ మిగల్లేదు, ఆ ఒక్కటి తప్ప. జడ ఊడిపోయినందుకు కాదు. ఆ రోజు కిటికీ సందులోంచి అంతా చూసేను కదా. చెప్పులు లేకుండా బురదలోకి దిగిన ఒక మనిషి, నెత్తిమీద కాకులు పొడుస్తూంటే, నా జుట్టు చేతిలో పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. నేను నాలుగడుగుల దూరంలో, తలుపు వెనకాల ఉన్నాను. ఆ తలుపు వెనకాల పిల్లని తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, నవ్వొస్తుంది, కొంచెం జాలేస్తుంది. భుజమ్మీద చెయ్యేసి, పోనీలే, గెడ తీసి చెయ్యి చాపు, ఇలా ఇవ్వండి అను, అంతే, అని చెప్పాలనిపిస్తుంది.